సిగ్నల్‌కూ ఒక దారి వదలండి: అపార్ట్‌మెంట్లు కట్టేవారికి బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో అపార్ట్‌మెంట్లు కడుతున్న బిల్డర్లకు, వాటి ప్లాన్లు గీస్తున్న ఆర్కిటెక్టులకు, స్ట్రక్చరల్ ఇంజనీర్లకు,

నమస్కారం.

నేను పద్దెనిమిదేళ్లుగా సెల్ నెట్‌వర్క్ పనిలో ఉన్నాను. ఎవరైనా మా ఫ్లాట్‌లో సిగ్నల్ రావట్లేదని కంప్లయింట్ పెడితే కొలవడానికి వచ్చే మనిషిని నేనే. దీన్ని మేం వాక్ టెస్ట్ అంటాం. చేతిలో ఒక ఫోన్, దానికి కలిపిన ట్యాబ్, ట్యాబ్‌లో ఆ అంతస్తు ప్లాన్ ఉంటాయి. నడిచిన చోటల్లా ప్లాన్ మీద ఒక చుక్క పడుతుంది. సిగ్నల్ బాగుంటే ఆకుపచ్చ, తగ్గితే పసుపు, పోతే ఎరుపు. నేను పనిలో చేరిన కొత్తలో ఇల్లంతా తిరిగి వచ్చినా ప్లాన్ చాలావరకు పచ్చగానే ఉండేది, ఏ స్టోర్ రూములోనో రెండు ఎర్ర చుక్కలు పడేవి. ఇప్పుడు కొత్త టవర్లలో బాల్కనీ దాటి రెండు గదులు లోపలికి వెళ్తే చాలు, ఎరుపు మొదలవుతుంది. ఈ మధ్యలో సెల్ టవర్లు తగ్గలేదు, పెరిగాయి. మారింది గోడ.

ఈ ఉత్తరం చాలా రోజులుగా రాద్దామనుకుంటున్నాను. రాయించింది మాత్రం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి. మా నాన్నకు డెబ్బై నాలుగేళ్లు. పోయిన వేసవిలో ఒక సాయంత్రం మేముండే అపార్ట్‌మెంట్ రెండో సెల్లార్‌లో కారు పెట్టి, లిఫ్ట్ వైపు నడుస్తూ ఒక పిల్లర్ పక్కన కూలబడ్డారు. ఒళ్లంతా చెమటలు. పక్కన మా అమ్మ ఒక్కతే ఉంది. 108 కొట్టింది, పోలేదు. నాకు చేసింది, పోలేదు. మళ్లీ 108. ఫోన్ పట్టుకుని పిల్లర్ల మధ్య అటూ ఇటూ తిరిగింది. ఆమె అరుపులు విని వచ్చిన వాచ్‌మన్ ర్యాంపు మీదుగా రెండు సెల్లార్లూ పరుగెత్తి గేటు దాకా వెళ్లి, అక్కడి నుంచి తన ఫోన్‌తో అంబులెన్స్‌ను పిలిచాడు. షుగర్ పడిపోయిందని తేలింది. నాన్న ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ మా అమ్మ ఆ తర్వాత నన్నడిగిన మాట నన్ను వదలట్లేదు: "ఏరా, నువ్వు చేసేది ఈ పనే కదా?"

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది. అన్ని అత్యవసరాలకూ ఉన్న 112 నంబరుకైతే ఏ నెట్‌వర్క్ దొరికితే దాని మీదుగానే కాల్ వెళ్తుంది, సిమ్ ఏ కంపెనీదైనా సరే. కానీ దొరకడానికి ఒక్క నెట్‌వర్క్ అయినా ఆ గోడలు దాటి అక్కడికి రావాలి కదా.

అది ఎందుకు రావట్లేదో ముందు చెప్తాను. మీలో చాలామంది ఇంజనీర్లే, కొంత తెలిసిన సంగతే అయి ఉంటుంది. అయినా సైట్ మీద దీని గురించి మాట్లాడుకోవడం నేను వినలేదు.

సెల్ సిగ్నల్ అంటే ఒక రేడియో తరంగం. తరంగం ఏ పదార్థం గుండా వెళ్లినా, ప్రతి అంగుళానికీ తనలో కొంత భాగాన్ని అక్కడే వదిలేస్తుంది. ఇంత అని లెక్కగా కాదు, ఉన్నదాంట్లో ఇంత వంతు అని. తాత చేతిలో పదెకరాలుంటే ఇద్దరు కొడుకులకు ఐదేసి వస్తుంది, వాళ్ల కొడుకులకు రెండున్నర చొప్పున, ఆ తర్వాతి తరానికి ఎకరంపావు. పంపకం పద్ధతి మారకపోయినా నాలుగు తరాలు తిరిగేసరికి గట్లు తప్ప పొలం కనపడదు. గోడలో సిగ్నల్ కథ కూడా ఇదే. మొదటి అంగుళం సగం తింటే రెండో అంగుళం మిగిలిన సగంలో సగం తింటుంది. పోయిన భాగం గోడలోని తేమను, పదార్థాన్ని ఓ ఇసుమంత వేడెక్కించి అక్కడే అణిగిపోతుంది. ఇంకొంత గోడ ముఖానికే తగిలి వెనక్కి పోతుంది.

ఈ పంపకాన్ని లెక్క కట్టడానికి మేం డెసిబెల్ వాడతాం. మూడు డెసిబెల్స్ పోతే సిగ్నల్ సగమైనట్టు. పది పోతే పదో వంతు, ఇరవై పోతే వందో వంతు, ముప్పై పోతే వెయ్యో వంతు మిగిలినట్టు. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే కింద నేను చెప్పేదంతా అర్థమవుతుంది.

ఇప్పుడు మన గోడల సంగతి చూద్దాం. వేర్వేరు నిర్మాణ పదార్థాల్లో రేడియో తరంగాలు ఎంత తగ్గుతాయో లెక్క కట్టడానికి ఐటీయూ, అంటే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, గుణకాలు ఇచ్చింది. 5జీ ఎక్కువగా నడిచే 3500 మెగాహెర్ట్జ్ దగ్గర వాటితో లెక్క వేసి చూడండి. పాత ఇళ్లలో గదికీ గదికీ మధ్య ఉండే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ దాటితే సిగ్నల్ సుమారు సగమవుతుంది. అదే చోట మీరు మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో, పోస్తున్న నాలుగంగుళాల కాంక్రీట్ గోడ దాటితే మిగిలేది ఎనిమిదో వంతు. బయటి గోడ ఆరంగుళాల కాంక్రీట్ అయితే ఇరవయ్యో వంతు. బయటి గోడ ఒకటి, లోపలి గోడలు రెండు దాటి మధ్య గదిలోకి చేరాలంటే ఎంత మిగులుతుందో మీరే గుణించుకోండి: ఇరవై, ఎనిమిది, ఎనిమిది. వెయ్యిన్నొక్క పాళ్లలో ఒక పాలు కూడా ఉండదు. ఇందులో ఇనుము లెక్క ఇంకా కలపలేదు.

ఇనుము సంగతి బార్ బెండింగ్ చేసేవాళ్లకు చెప్తే వెంటనే అర్థమవుతుంది. ఊచల జాలీలో కంత, తరంగం పొడవులో సగం కన్నా చిన్నదైతే ఆ తరంగానికి దారి ఇరుకవుతుంది. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 33 సెంటీమీటర్లు. అందులో సగం పదహారున్నర. స్లాబులో ఊచలు ఆరంగుళాలకు ఒకటి కట్టారంటే కంత 15 సెంటీమీటర్లే. మామూలుగా కాంక్రీట్‌ను తేలిగ్గా దాటేది ఇలాంటి పొడవాటి తరంగమే, దానికి ఊచలు కొంత అడ్డుపడతాయి. 3500 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లే కాబట్టి అది ఊచల మధ్య దూరగలదు, కానీ దాన్ని కాంక్రీట్ తినేస్తుంది. అందుకే సెల్లార్‌లోకి ఏదీ సరిగ్గా దిగదు.

పొడవాటి తరంగాలు ఎక్కువ లోపలికి వెళ్తాయన్నది మనకు చెవులతో తెలిసిన విషయమే. వినాయక నిమజ్జనం రోజు డీజే బండి వీధి చివర ఉంటే, తలుపులు కిటికీలు మూసుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు ఏం వినపడుతుంది? పాటలో మాటలు వినపడవు, దరువు మాత్రం గోడల్లోంచి ఛాతీకి తగులుతుంది. రేడియోలో ఈ గుణాన్ని చివరి దాకా వాడుకునేది నేవీ. సముద్రపు నీరు విద్యుత్తును బాగా మోస్తుంది కాబట్టి ఫోన్ తరంగాన్ని పైపైనే మింగేస్తుంది. లోతులో ఉన్న జలాంతర్గాములకు కబురు పంపాలంటే పొడవు కిలోమీటర్లలో ఉండే తరంగాలు కావాలి. వికారాబాద్ జిల్లా దామగుండంలో నేవీ తలపెట్టిన రాడార్ స్టేషన్ అని మనవాళ్లు పిలిచేది నిజానికి ఈ రకం తరంగాలను పంపే కేంద్రమే.

గోడ తర్వాత గాజు. అసలు దెబ్బ ఇక్కడే ఉంది.

గచ్చిబౌలి వైపు ఒక ఇరవై ఎనిమిదంతస్తుల టవర్‌లో, పదిహేడో అంతస్తు ఫ్లాట్‌లో ఈ మధ్య కొలిచిన అంకెలు మీ ముందు పెడతాను. ఇవీ డెసిబెల్ కొలతలే, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. బాల్కనీలో నిలబడితే మైనస్ 78. అది చక్కటి సిగ్నల్. లోపలికి వచ్చి హాల్లో సోఫా పక్కన నిలబడ్డాను, బాల్కనీ గాజు తలుపు తెరిచే ఉంది, మైనస్ 84. ఆ ఇంటావిడ ఏసీ వేసి, గాజు తలుపు జరిపి మూశారు. నేను కదల్లేదు, ఫోన్ కదల్లేదు. స్క్రీన్ మీద అంకె మైనస్ 108కి పడింది. ఆమెకు నమ్మకం కలగలేదు, మళ్లీ తెరిచారు, 85. మూశారు, 108. మూడుసార్లు అలా తెరిచి మూసి, "అయితే ఇన్నాళ్లూ ఈ తలుపేనా?" అన్నారు. ఇరవై నాలుగు డెసిబెల్స్ అంటే రెండు వందల యాభై పాళ్లలో ఒక పాలు మిగలడం. అంత పని చేసింది గోడ కాదు, అవతల కనపడుతున్న పారదర్శకమైన గాజు.

మామూలు అద్దానికి ఈ గుణం లేదు. సాదా కిటికీ గాజు రెండు మూడు డెసిబెల్స్‌కు మించి ఆపదు. ఇది లో-ఈ గాజు. దాని లోపలి ముఖం మీద తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని వెండి పూత ఉంటుంది. వెలుతురును రానిచ్చి ఎండ వేడిని వెనక్కి కొట్టడం దాని పని. వెలుతురు, వేడి, సెల్ సిగ్నల్ మూడూ ఒకే కుటుంబం, పొడవుల్లోనే తేడా. వెండిలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు పొడవు ఎక్కువైన తరంగాన్ని ఇంకా గట్టిగా వెనక్కి కొడతాయి. వేడి తరంగం కన్నా సెల్ తరంగం చాలా పొడవు. అంటే వేడిని ఆపమని పెట్టిన కాపలాదారు సిగ్నల్‌నీ ఆపుతున్నాడు, అదీ మరింత శ్రద్ధగా. ఇలాంటి గాజు ఒక్కటే పాతిక నుంచి ముప్పై డెసిబెల్స్ దాకా తినేస్తుంది. ఐటీయూ లెక్కల్లోనూ ఇదే కనపడుతుంది: 1000 మెగాహెర్ట్జ్ దగ్గర సాధారణ భవనంలోకి రావడానికి సిగ్నల్ సుమారు 13 డెసిబెల్స్ కోల్పోతే, వేడిని ఆపేలా కట్టిన భవనంలోకి రావడానికి సుమారు 28 కోల్పోతుంది.

ఆ గాజు వద్దని నేను అనను. మన మే నెల ఎండలకు, మన కరెంటు బిల్లులకు అది కావాలి. నేను అడిగేదల్లా ఆ గాజు ఆర్డర్ పెట్టే రోజునే సిగ్నల్ గురించి ఒక్క ప్రశ్న వేయండి అని. స్విట్జర్లాండ్‌లో రైలు పెట్టెలకు ఇదే ఇబ్బంది వస్తే, కిటికీల మీది పూతను లేజర్‌తో సన్నటి గీతలుగా చెరిపి, వేడి ఆగేలా, సిగ్నల్ వచ్చేలా చేసుకున్నారు. ఇక్కడ అంత దూరం వెళ్లకపోయినా, మెట్ల దగ్గర, కారిడార్ చివర, వంటింటి వెనక బాల్కనీకి సాదా గాజు వేసినా చాలా చోట్ల పని జరుగుతుంది. ఆ గోడలకు ఎండ ఎలాగూ తక్కువే.

గాజు అనగానే నాకు ఫైబర్ కేబుల్‌కు దారి వేసిన శాస్త్రవేత్త చార్లెస్ కావో గుర్తొస్తారు. 1960లలో దొరికే గాజులో కాంతిని పంపితే కిలోమీటరుకు వెయ్యి డెసిబెల్స్ పోయేవి. అంటే ఏమీ మిగలనట్టే. గాజులోని మలినాలు తీసేస్తే నష్టం కిలోమీటరుకు ఇరవైకి తగ్గించవచ్చని ఆయన 1966లో చెప్పారు. 2009లో నోబెల్ వచ్చింది. ఈ రోజు మీ టవర్ గేటు దాకా వచ్చే ఫైబర్‌లో కిలోమీటరుకు పోయేది 0.2 డెసిబెల్ మాత్రమే. కాంతి పదిహేను కిలోమీటర్లు ఆ గాజు లోపల నడిచాక గాని సగం కాదు. ఇంత శ్రమపడి ఊరంతా దాటించి మీ గేటు దాకా తెచ్చిన మాట, చివరి ఇరవై మీటర్లలో సెల్లార్ స్లాబ్ కింద చచ్చిపోతోంది.

ఇక్కడ మీలో కొందరు అనే మాట నాకు తెలుసు: ఇంట్లో వైఫై ఉంటుంది కదా, వైఫై కాలింగ్ ఉంది కదా అని. నిజమే, మన దేశంలో అది 2019 చివర్లో వచ్చింది, ఫ్లాట్‌లో ఉన్నవాళ్లకు బాగా పనికొస్తోంది. కానీ వైఫై పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? ఫ్లాట్ ఓనర్ దగ్గర. మీ భవనంలో రోజంతా ఉండేది ఇంకెవరో చూడండి. సెల్లార్‌లో ఒక మూల గదిలో కాపురం ఉండే వాచ్‌మన్ కుటుంబం, కార్లు కడిగే కుర్రాళ్లు, పదిళ్లలో పనిచేసి లిఫ్ట్‌లో దిగే పనిమనుషులు, పార్సిల్ పట్టుకుని ఓటీపీ కోసం నిలబడ్డ డెలివరీ అబ్బాయి. మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ భార్య రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు ర్యాంపు మీద సగం దాకా ఎక్కి, అక్కడ గోడకు ఆనుకుని నిలబడుతుంది. కూతురు పాలమూరు దగ్గర హాస్టల్లో చదువుకుంటోంది, ఆ టైముకే ఫోన్ ఇస్తారు. వానాకాలంలోనూ అక్కడే, చున్నీ తల మీద కప్పుకుని. పై నుంచి కారు దిగుతుంటే గోడకు అంటుకుపోతుంది. అంతకన్నా ఒక్క మీటరు కిందికి దిగినా గీతలు పోతాయని ఆమెకు తెలుసు. సిగ్నల్ కొలిచే ఏ మీటరూ లేకుండా ఆమె కనిపెట్టిన చోటు, నా మీటరు చూపించిన చోటూ ఒక్కటే.

లిఫ్ట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది ఇనుప పెట్టె. నాలుగు వైపులా లోహం ఉంటే లోపలికి విద్యుత్ క్షేత్రం రాదని ఫారడే 1836లో ఒక పెద్ద పెట్టె కట్టి, అందులో తనే కూర్చుని చూపించారు. కరెంటు పోయి మధ్యలో ఆగిన లిఫ్ట్‌లో పిల్లతో ఇరుక్కుపోయిన తల్లికి దాని పేరేంటో అక్కర్లేదు, ఫోన్ మోగాలి.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం. దీన్ని బిల్డర్లతో పాటు రేపు ఆ ఫ్లాట్లలో అసోసియేషన్ నడిపేవాళ్లు కూడా చదవాలని కోరుకుంటున్నాను.

చాలా చోట్ల కారిడార్‌లో, సెల్లార్‌లో చిన్న యాంటెనాలు పెడతామని మావాళ్లు అడిగితే, రేడియేషన్ వద్దు, పిల్లలున్నారు అంటారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నాకూ ఇద్దరు పిల్లలున్నారు. కానీ లెక్క ఎటు మొగ్గుతుందో చూడండి. ఫోన్ మాట్లాడటానికి సరిపోయే సిగ్నల్ ఎంత చిన్నదంటే, మైనస్ 100 అంటే ఒక వాటులో పది లక్షల కోట్లో వంతు. టవర్ నుంచి మనదాకా వచ్చేసరికి మిగిలేది ఇంత. మరి మన ఫోన్? అది చెవికి ఆనుకుని ఉంటుంది, టవర్ దగ్గరగా ఉంటే గుసగుసగా మాట్లాడుతుంది, తన గరిష్ఠ శక్తిలో వెయ్యో వంతుతో కూడా సరిపెట్టుకుంటుంది. గోడలు సిగ్నల్‌ను తినేసేకొద్దీ గొంతు పెంచుతుంది. 4జీ ఫోన్ అయితే 200 మిల్లీవాట్ల దాకా పెంచి, అక్కడ ఆగుతుంది. అంతకన్నా అరవలేదు. సెల్లార్‌లో అరగంట ఉంటే ఫోన్ వెచ్చబడి బ్యాటరీ దిగిపోయేది అందుకే. యాంటెనా దూరంగా ఉన్నకొద్దీ మీ పిల్లవాడి చెవి దగ్గర ఉన్న ఫోన్ ఎక్కువ అరుస్తుంది. కారిడార్ సీలింగ్‌కు ఒక చిన్న యాంటెనా పెడితే ఆ అరుపు గుసగుస అవుతుంది. మన దేశంలో టవర్ల తరంగాలకు పెట్టిన హద్దు 2012 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ హద్దులో పదో వంతే. అదీ గుర్తుంచుకోండి.

ఇదే లెక్కలో ఇంకో చిక్కు ఉంది. టవర్‌కు గొంతు పెద్దది, ఫోన్‌కు చిన్నది. అందుకే లోపలి గదిలో ఒక్కోసారి రెండు గీతలు కనపడతాయి, అవతలివాళ్లు మాట్లాడేది మనకు వినపడుతుంది, మనం మాట్లాడేది వాళ్లకు చేరదు. "హలో, హలో, మీ మాట కట్ అవుతోంది" అని ఊరి నుంచి అమ్మ అంటుంటే, తప్పు ఆమె ఫోన్‌ది కాదు. మన గోడ దాటి బయటికి పోలేకపోతున్నది మన మాటే.

ఈ బాధ పడలేక చాలామంది ఆన్‌లైన్‌లో బూస్టర్లు తెప్పించి టెర్రస్ మీద పెట్టుకుంటున్నారు. దయచేసి అది చేయొద్దు. అనుమతి లేకుండా ఇలాంటి బూస్టర్ పెట్టడం చట్టవిరుద్ధం. పైగా అది తన ఇంటికి సిగ్నల్ తెస్తూ పక్క నాలుగు భవనాల సిగ్నల్‌ను పాడుచేస్తుంది. ఒకే కాలనీలో అకస్మాత్తుగా అందరికీ కాల్స్ తెగిపోతున్నాయని మేం వెతుక్కుంటూ వెళ్తే, ఏదో ఒక వాటర్ ట్యాంక్ వెనక ఇలాంటి డబ్బా దొరికిన సందర్భాలు నా అనుభవంలోనే చాలా ఉన్నాయి. పెట్టినవాళ్లను తిట్టబుద్ధి కాదు. ఇంట్లో పక్షవాతంతో మంచాన ఉన్న మామగారి కోసం పెట్టానని ఒకాయన చెప్పారు. సరైన దారి మూసి ఉంటే మనుషులు ఇలాంటి అడ్డదారులే వెతుక్కుంటారు.

సరైన దారి మీ చేతిలో ఉంది. అందుకే ఈ ఉత్తరం టెలికాం కంపెనీలకు కాకుండా మీకు రాస్తున్నాను. స్లాబ్ పోసేముందు మీరు నీళ్ల పైపుకు, డ్రైనేజీకి, కరెంటు వైరుకు, ఫైర్ లైనుకు దారి వదులుతారు. ఏ అంతస్తులో ఎన్ని అంగుళాల రంధ్రమో డ్రాయింగ్‌లోనే ఉంటుంది. సిగ్నల్‌కు మాత్రం ఏదీ ఉండదు. మేం రెండేళ్ల తర్వాత వచ్చి కాంక్రీట్‌కు కోర్ కటింగ్ చేసి రంధ్రం పెట్టాలంటే మీ స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడం న్యాయమే. భవనాన్ని నిలబెట్టే షీర్ వాల్‌కు ఎక్కడ పడితే అక్కడ కన్నం పెట్టకూడదు. అదే షట్టరింగ్ బిగించేటప్పుడు ఒక పీవీసీ స్లీవ్, అంటే కేబుల్ దూరే గొట్టం, పెడితే అయ్యేది కొన్ని వందల రూపాయల ఖర్చు.

నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. టెర్రస్ నుంచి ఆఖరి సెల్లార్ దాకా కేబుళ్లకు విడిగా ఒక షాఫ్ట్ ఇవ్వండి. దాని అడుగున తడి తగలని ఒక చిన్న గది, అందులో జనరేటర్ బ్యాకప్ ఉన్న కరెంటు పాయింటు ఉంటే చాలు. ప్రతి సెల్లార్ స్లాబ్‌లోనూ, ప్రతి కారిడార్‌లోనూ యాంటెనాకు కేబుల్ వెళ్లే స్లీవ్ వదలండి. లిఫ్ట్ షాఫ్ట్ పొడవునా ఒక కేబుల్ దింపుకునే వీలు ఇవ్వండి. పొడవునా సన్నటి చీలికలున్న లీకీ కేబుల్ అని ఉంటుంది, మెట్రో సొరంగాల్లో ఫోన్లు మోగేది దాని వల్లే. ఇంతవరకు మీ పని. యాంటెనాలు, మిషన్లు పెట్టడం కంపెనీల పని. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో కమ్యూనికేషన్ ఏర్పాట్లకు విడిగా ఒక విభాగమే ఉంది. మీ కన్సల్టెంట్లు దాన్ని కూడా తెరిచి చూసేలా చేయండి.

ఒక్క మాట కటువుగా చెప్పాలి. కొన్ని ప్రాజెక్టుల్లో ఈ షాఫ్ట్ ఉంటుంది, కానీ బిల్డర్ దాన్ని ఒక్క కంపెనీకే రాసిచ్చేస్తాడు, మిగతావాళ్లను లోపలికి రానివ్వడు. ఇల్లు కొన్నవాళ్లు తమ సిమ్ మార్చుకోవాలి, లేదా ర్యాంపు ఎక్కాలి. కోటి, కోటిన్నర పోసి కొన్న ఇంట్లో ఏ నెట్‌వర్క్ వాడాలో బిల్డర్ నిర్ణయించడం న్యాయం కాదు. ఒకే యాంటెనాలు, ఒకే కేబుల్ మీద అన్ని కంపెనీల సిగ్నల్ నడిపే పద్ధతి ఉంది, దాన్నే అడగండి.

భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో తెచ్చింది. ఫ్రిజ్‌కు, ఏసీకి ఉన్నట్టే భవనానికీ స్టార్లు. దానికి ప్రాజెక్టు యాజమాన్యమే దరఖాస్తు చేసుకోవాలి. మీ బ్రోషర్లలో స్విమ్మింగ్ పూల్, క్లబ్ హౌస్, జాగింగ్ ట్రాక్ ఫొటోలు చూస్తుంటాను. ఆ పక్కనే రెండో సెల్లార్‌లో సిగ్నల్ ఎంతో కూడా ఒక అంకె వేసిన మొదటి బిల్డర్ ఎవరో చూడాలని నాకు ఆశగా ఉంది. కొనేవాళ్లకూ ఒక మాట. శాంపిల్ ఫ్లాట్ చూడటానికి వెళ్లినప్పుడు టైల్స్, ట్యాపులు చూసినట్టే, బాల్కనీ తలుపు మూసి, మధ్య పడగ్గదిలోకి వెళ్లి ఇంటికి ఒక ఫోన్ చేయండి. తర్వాత సెల్లార్‌లో దిగి ఇంకో ఫోన్ చేయండి. శాంపిల్ ఫ్లాట్ విడిగా షెడ్డులో కట్టి ఉంటే ఆ పరీక్ష చెల్లదు, కట్టిన టవర్‌లోనే చూపించమని అడగండి.

సుమారు నూట ముప్పై ఏళ్ల కిందట కలకత్తా టౌన్ హాల్లో జగదీశ్ చంద్రబోస్ కంటికి కనపడని తరంగాలను గోడలు దాటించి, అవతల గదిలో గంట మోగించారు. మధ్యలో ఉన్న లెఫ్టినెంట్ గవర్నర్ శరీరం గుండా కూడా అవి వెళ్లాయి. గోడ దాటి గంట మోగడం ఆ రోజు చూసినవాళ్లకు పెద్ద అద్భుతం. మా అమ్మకు ఆ సాయంత్రం కావలసింది కూడా అంతే, రెండు స్లాబులు దాటి ఒక గంట మోగడం.

మా అపార్ట్‌మెంట్ కట్టి తొమ్మిదేళ్లయింది. షాఫ్ట్ లేదు. ఇప్పుడు ర్యాంపు గోడ వెంబడి పైన కేబుల్ లాగి, రెండు సెల్లార్లలో మూడు చిన్న యాంటెనాలు పెట్టించడానికి అసోసియేషన్‌ను ఒప్పిస్తున్నాను. పోయిన మీటింగ్‌లో పదకొండు మంది సరేనన్నారు, ఏడుగురు వద్దన్నారు, మిగతావాళ్లు రాలేదు. వచ్చే ఆదివారం మళ్లీ ఉంది. ఈసారి నా మీటరు తీసుకెళ్తున్నాను, అందరినీ రెండో సెల్లార్‌లో మా నాన్న కూలబడిన పిల్లర్ దగ్గరికి తీసుకెళ్లి అంకె చూపిస్తాను. తర్వాత ర్యాంపు మీద వాచ్‌మన్ భార్య నిలబడే చోటికి.

మీ కొత్త ప్రాజెక్టులకు ఇంకా టైముంది. సెంట్రింగ్ మొదలయ్యే ముందు డ్రాయింగ్ మీద ఒక్క పూట మా పనిలో ఉన్నవాళ్లెవరినైనా కూర్చోబెట్టండి. స్లీవులు ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇస్తాం.

ఇట్లు,
ఒక వాక్ టెస్ట్ ఇంజనీర్